స్టీలు గ్లాసు చప్పుడు

మా సైకాలజీ మేడం ఇక లేరు. రేగొండ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గార్ల దగ్గరి తండా బడిలో ప్రార్థన చేయిస్తున్నాను. "తమ్మీ, అమ్మ పోయింది" అన్నది అక్క. పిల్లలు పాట ఆపి నా ముఖమే చూస్తున్నారు.

జనగామలో మాతోపాటు టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లలో మేడం గ్లాసు తెలియనివారు లేరు. బల్ల మీద ఒక స్టీలు గ్లాసు, దాని నిండా పుట్నాలు. క్లాసు ఎంత సంతలా ఉన్నా ఆమె గొంతు పెంచేవారు కాదు. చెంచాతో గ్లాసు మీద టక్ టక్‌మని కొట్టేవారు. మేమంతా గప్‌చుప్. సరైన జవాబు చెప్పినవాడి అరచేతిలో నాలుగు పుట్నాలు పడేవి. మీసాలొచ్చిన మొగోళ్లం పుట్నాల కోసం చేతులు చాపేవాళ్లం, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ప్రవర్తనావాదం పాఠానికి ఆమె పుస్తకమే తెరవలేదు. గంట కొట్టి తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు గంట వింటేనే కుక్కకు చొంగ కారుతుందని చెప్పారు. మేం నవ్వాం.

"నవ్వుతున్నరా? మరి నా గ్లాసు మోగంగనే మీ నోళ్లెందుకు మూతవడ్తున్నయ్?"

నవ్వు ఆగిపోయింది. "అంటే మా మనసుల ఏం లేదా మేడం?" అని నేనే ఉడుక్కుంటూ అడిగాను.

"ఉంటదిర. లోపలున్నది నీకెట్ల కనవడ్తది? పిల్లగాడు ఏం జేస్తుండో గదే చూడు. మొద్దు, మొండి అని పేర్లు పెట్టకు."

బెత్తంతో భయం నేర్పొచ్చు గానీ ఎక్కం నేర్పలేమని కూడా అనేవారు. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడికొచ్చిన కొత్తలో నోరు విప్పరు. పెదవి కదిపినా చాలు, మెచ్చుకొమ్మన్నారు మేడం. అట్లాగే చేశాను. ఇప్పుడు వాళ్ల నోళ్లు మూయించలేక చస్తున్నాను.

నిరుడు ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, చేయి పోయింది. చూడబోయినప్పుడు ఆమె అరచేతిలో పుట్నాలు పెట్టాను. అవి జారి దుప్పటి మీద పడ్డాయి. గ్లాసు మోగించాను. ఆమె చూపు పైకప్పు నుంచి కదల్లేదు.

"అమ్మకు మనం తెలుస్తున్నమా తమ్మీ?" అన్నది అక్క.

బయటికి కనిపించేదే చూడమని నేర్పిన మనిషి ఆమె. బయటికి ఏమీ కనిపించకపోతే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. దుప్పటి మీది పుట్నాలు ఏరి గ్లాసులో పోసి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపొచ్చింది.

మేడం పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. కాటి దగ్గర కాకులకని పెట్టిన అన్నాన్ని ఏ కాకీ ముట్టలేదు. పోయినవారికి తీరని కోరిక ఏదో ఉంటేనే అట్లా అవుతుందంటారు. ఇంటికొచ్చాక అక్క మనసు ఆగక ప్రహరీ గోడ మీద మరో విస్తరి పెట్టింది. మంచంలో పడకముందు మేడం రోజూ ఆ గోడ దగ్గరే గ్లాసు మోగించి కాకులకు అన్నం పెట్టేవారు. తర్వాత మోగించినవారు లేరు. కాకులు కొన్నాళ్లు వచ్చి చూసి మానుకున్నాయి. తిండి రాకపోతే నేర్చుకున్నదీ మెల్లగా పోతుందని, అదీ ఆమె చెప్పిన పాఠమే.

"ఏం మిగిలిందే అమ్మా నీకు? జర చెప్పరాదే" అంటూ అక్క చేతులు జోడించింది. చాలాసేపు చూసి గ్లాసూ చెంచా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు కొట్టు తమ్మీ. అమ్మ ఎట్ల కొడ్తదో నీకెరుకనే గదా."

కొట్టాను. టక్ టక్.

కాకి రాలేదు. నా వెనుక టెంటు కింద ముచ్చట్లు పెట్టుకుంటున్న ఆమె పాత విద్యార్థులు, జుట్టు నెరిసిన టీచర్లు, ఒక్కసారిగా మాటలాపి నిటారుగా కూర్చున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. గ్లాసు నా చేతిలో ఉంది.