పాలు పొంగిన బండి

సింగపూర్ పాల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఇక్కడి పాలు కాగుతున్న సంగతి ముందుగా చెప్పవు. మావైపు పాలైతే అంచుల్లో బుడగలు వేస్తాయి, మీగడ ముడతలు పడుతుంది, గిన్నె మధ్యలో ఒకసారి గుండెల్నిండా ఊపిరి పీల్చుకుని అప్పుడు లేస్తాయి. ఈలోగా మనిషి పేపర్లో ఒక వార్త పూర్తి చేసుకోవచ్చు. ఇక్కడి డబ్బా పాలు క్యూలో నిలబడ్డ మర్యాదస్తుల్లా కదలకుండా మెదలకుండా ఉండి, మనం తల తిప్పగానే ఒక్కుమ్మడిగా బయటికొచ్చేస్తాయి. దీని గురించి ఎవరికి రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా నిజానికి మా బండి గురించి.

మాది పాత జపాన్ వ్యాను. ఇక్కడ బండికిచ్చే పదేళ్ళ గడువు దాటి, ప్రభుత్వం వారి దయవల్ల రెండో ఆయుష్షులో ఉంది. నాకు ముందు దాని యజమాని ఒక రిటైరైన టీచరు. ఆయన అందులో ఒక మడత మంచం, చిన్న సింకు, ఓ బీరువా, పొయ్యి పెట్టుకునే గూడు, పైకప్పుకి గాలి లాగే ఫ్యాను అమర్చుకున్నాడు. అమ్మేటప్పుడు తాళాలు నా చేతిలో పెట్టి, వ్యాను వైపు చూడకుండా లిఫ్టెక్కేశాడు. దాన్ని నేను వైరాగ్యం అనుకున్నాను. అది ఉపశమనం అని తరవాత తెలిసింది.

నేనూ మా ఆవిడా మా అమ్మాయీ ఉండేది యూ టీ అనే పేటలో, తొమ్మిదో అంతస్తులో. నెత్తిన ఫ్యాను ఉండటంవల్ల వ్యాను మా బ్లాకు పక్కనున్న అంతస్తుల కార్‌పార్కులో పట్టదు. అందుకని కింద ఆరుబయట, ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటుంది. మా వంటింటి కిటికీలోంచి దాని కప్పు కనిపిస్తుంది. రోజూ పళ్ళు తోముకుంటూ దాన్ని చూస్తాను. మా ఆవిడ కూడా చూస్తుంది, వేరే భావంతో.

బండి కొన్నప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. కూతుర్ని చూసి పోదామని గోదావరి జిల్లా నుంచి మూడు నెలలకి వచ్చారు. అల్లుడి మొహం చూసి నేరుగా మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. పెళ్ళై పదహారేళ్ళైనా నాతో చెప్పవలసినవన్నీ కూతురితో చెబుతారు, నేను పక్కనే కూర్చుని ఉన్నా సరే. నేను కూడా జవాబు మా ఆవిడకే చెబుతాను. మా ఇంట్లో ఒక మాట గది దాటాలంటే మధ్యలో ఒక స్టేషన్లో ఆగాలి.

కొన్న మర్నాడు వ్యానుకి పూజ చేయించాలని మా ఆవిడ బయల్దేరింది. కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, అంతే కదా అంది. అత్తగారు వ్యాను లోపలికి తొంగిచూశారు.

"ఏమే, ఇందులో పొయ్యి ఉందా?"

"ఉందమ్మా."

"మంచం ఉందా? నీళ్ళ తొట్టి ఉందా?"

"ఉన్నాయి."

"అయితే ఇది బండేంటే, ఇల్లు. ఇంటికి నిమ్మకాయలేంటి? పాలు పొంగించాలి."

వాదించడానికి ఏమీ దొరకలేదు. ఎందుకైనా మంచిదని రెండూ చేశాం. నిమ్మకాయలు తొక్కించి వెంటనే ఏరేశాం. ఇక్కడ చెత్త నియమాలు దేవుడికి కూడా వర్తిస్తాయి. తరవాత పొయ్యి తూర్పుకి తిరగాలంటే కార్‌పార్కులో గీతలన్నీ ఉత్తరం దక్షిణంగా ఉన్నాయి. వ్యానుని మూడుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి రెండు గీతల మీద అడ్డంగా నిలబెట్టాను. అటుగా పోతున్న ఒక ఆంటీ ఆగి చూసింది. డ్రైవింగ్ నేర్చుకుంటున్నాననుకుని ధైర్యం చెప్పింది.

పాలు తెచ్చే పని నాది. అందరి ఆరోగ్యం దృష్టిలో పెట్టుకుని కొవ్వు తీసేసినవి తెచ్చాను. బల్ల మీదే ఉడికించుకు తినే స్టీమ్‌బోట్‌కి వాడే చిన్న గ్యాసు పొయ్యి మీద అవి పావుగంట కాగాయి. ఆవిరి వచ్చింది, పొంగు రాలేదు.

"మీ ఆయన తెచ్చినవి పాలేనా అడుగు," అన్నారు అత్తగారు.

మళ్ళీ పరిగెత్తి చిక్కటివి తెచ్చాను. ఆవిడ వాటిని కూడా ఆ గిన్నెలోనే పోయించారు. అంచు దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఇందాకటి ఆంటీ తిరిగొచ్చి, ఇక్కడ ఏం మకాన్, అంటే ఏం తిండి, చేస్తున్నారని అడిగింది. అందరం ఆవిడ వైపు తిరిగాం. మిగతాది నా మొదటి పేరాలో చెప్పాను.

తూర్పు వైపే పొంగాయి. లీటరున్నర దాకా. అత్తగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా అమ్మాయి ఫోటో తీసింది. నేను గుడ్డ తీసుకుంటే మాత్రం మా ఆవిడకి ఒక ఆదేశం అందింది: "శుభం పొంగితే అప్పుడే తుడిచేస్తారటే? కాసేపు ఉండనివ్వమను." ఉండనిచ్చాం. ఆ కాసేపట్లో శుభం పొయ్యి గూటి వెనకనుంచి నేల పలకల కిందికి వెళ్ళిపోయింది.

"ఇవాళ ఇందులోనే పడుకోవాలి. కొత్తింట్లో మూడు నిద్రలు చెయ్యాలి," అన్నారు ఆవిడ చివర్లో.

కార్‌పార్కులో పడుకోనివ్వరని, వచ్చే శనివారం వంతెన దాటి మలేషియా తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున దర్జాగా మూడు నిద్రలూ చేసేస్తామని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆ శనివారం ఫ్యాను చుట్టూ కప్పు కారింది. అతుకుల్లో నీరు దిగకుండా రాసిన పాత సీలెంటు గీకి, కొత్తది రాసి, ఆరేదాకా ఆగాలి. అది ఆరేసరికి సింకు పంపు మొరాయించింది. పంపు తర్వాత, ఇంజను ఆపినా బ్యాటరీ ఎవరో తాగేసినట్టు ఖాళీ అవడం మొదలైంది. ఆ దొంగ బీరువాలో ఒక చిన్న బల్బని కనిపెట్టడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అవి నా జీవితంలో మంచి వారాలు. ఈ మధ్యలో ఎండెక్కితే చాలు, లోపల పులిసిన వాసన ఒకటి లేచేది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "సమ్‌థింగ్ డైడ్ లా, నాన్నా," అనేది. నేను కార్పెట్ మార్చాను. వాసన కార్పెట్ కొత్తదైందని గుర్తించలేదు.

"క్యాంపింగ్ ఎప్పుడు?" అని కూడా తనే అడిగేది.

"సీలెంటు ఆరగానే."

"యూ ఆల్వేస్ సే సీలెంట్."

అలాగని బండిని వాడుకోలేదని కాదు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆఫీసు కాల్స్ అందులోనే కూర్చుని మాట్లాడేవాణ్ణి. టీ పెట్టుకునేవాణ్ణి. స్క్రూలన్నీ సైజుల వారీగా డబ్బాల్లో సర్దుకున్నాను. ఫ్లాట్లో నాదంటూ ఒక కుర్చీ ఉందని అంటారు గాని, దాని మీద ఎప్పుడూ ఎవరివో బట్టలు ఉంటాయి. ఈ ఊరు మొత్తంలో నేను ఒక వస్తువు పెడితే మర్నాడు అక్కడే కనబడే చోటు ఆ వ్యాను ఒక్కటే.

పాత బండి కాబట్టి ఆర్నెల్లకోసారి తనిఖీకి తీసుకెళ్ళాలి. లోపల ఉన్నవన్నీ బోల్టులు విప్పితే బయటికొచ్చే సామాను. తనిఖీకి ముందు ఎందుకైనా మంచిదని అన్నీ విప్పేస్తాను. అంటే ఏడాదికి రెండుసార్లు మా మోటర్‌హోమ్ తొమ్మిదో అంతస్తుకి వచ్చి మా హాల్లో కాపురం ఉంటుంది. బీరువా టీవీ ముందు, సింకు బాల్కనీలో, మంచం పరుపులు సోఫా స్థానంలో. మొన్నటి తనిఖీకి ఇవన్నీ పైకెక్కేసరికి అత్తగారు రెండోసారి వచ్చి ఉన్నారు. ఆవిడ ఆ పరుపుల మీదే పడుకున్నారు. నడుముకి హాయిగా ఉందన్నారట.

మొన్న బండి ఫెయిలైంది. ఎడమ బ్రేకు లైటు ఓసారి వెలుగుతుంది, ఓసారి వెలగదు. వెలగని సారి అధికారి చూశాడు. మళ్ళీ తీసుకురమ్మని గడువిచ్చాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ బీరువా తప్పించుకుని వచ్చి సోఫా ఉండవలసిన చోట కూర్చుంది. గొంతు పెంచలేదు. గొంతు పెంచితే నాకు అంత భయం ఉండేది కాదు.

"ఏవండీ, రెండోసారి కూడా ఫెయిలైతే ఇచ్చేద్దాం. తుక్కుకి. సరేనా?"

"లైటే కదా, దానికి..."

"సరేనా?"

సరేనన్నాను. ఆ రాత్రి భోజనంలో పప్పు బావుందని చెప్పాను. ఆ రోజు పప్పు చెయ్యలేదట.

గడువు చివరి రోజు పొద్దున్నే తువాస్ దారిలో మా మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. డెబ్బై దాటిన చైనీస్ అంకుల్. ముందు సీటు మీద ముగ్గురు పడతారు. స్టీరింగ్ దగ్గర నేను, కిటికీ దగ్గర అత్తగారు, మధ్యలో మా ఆవిడ. తనిఖీ అయ్యాక అటునుంచి అటే జురాంగ్ ఈస్ట్‌లో బట్టలు కొనాలని ఇద్దరూ బయల్దేరారు. తుక్కుకి వెళ్ళవలసి వస్తే సాక్షులు కూడా ఉంటారని నేననుకున్నాను.

అంకుల్ బల్బు మార్చాడు. ఫ్యూజు మార్చాడు. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ మార్చాడు. నన్ను బ్రేకు తొక్కమంటూ వెనక నిలబడి అరగంట చూశాడు. వెలిగింది, వెలిగింది, వెలగలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు.

"ఇన్‌సైడ్ గాట్ స్పిల్ ఆర్ నాట్? వాటర్, కాఫీ, ఎనీథింగ్?"

లోపల ఏమైనా ఒలికిందా అని. నేను మా ఆవిడని అడిగాను. ఆవిడ వాళ్ళమ్మని అడిగింది.

"ఒలకడమా?" అన్నారు అత్తగారు. "మనింట్లో నేను చూస్తుండగా ఒక్క చుక్క ఒలికిందటే?"

నాక్కూడా గుర్తు రాలేదు. మనస్ఫూర్తిగా ఆలోచించి, "నో, అంకుల్," అన్నాను. మా ఆవిడ కూడా తల అడ్డంగా ఊపింది. ముగ్గురం చదువుకున్న వాళ్ళం. అత్తగారైతే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్.

అంకుల్‌కి మా మాట మీద గౌరవం ఉన్నట్టుంది, ఇంకో గంట వేరేచోట్ల వెతికాడు. చివరికి గత్యంతరం లేక నేల పలకలు ఎత్తాడు. ఎడమ వైపు, పొయ్యి గూడు ఉండే చోట, వెనక లైట్లకి వెళ్ళే వైర్లు కలిసే ప్లగ్గు ఒకటుంది. దాన్ని లాగాడు. అది ప్లగ్గులా లేదు. పసుపుపచ్చగా, పొరలు పొరలుగా, ఎండిపోయిన పాలకోవాలా ఉంది. చీమలు రెండు మూడు తరాలుగా అక్కడే స్థిరపడ్డట్టున్నాయి. అంకుల్ వాసన చూసి వెనక్కి జరిగాడు.

"చీజ్?" అన్నాడు.

అత్తగారు సీట్లోంచి దిగొచ్చి వంగి చూశారు. "అయ్యో. అవి మన పాలేనే," అన్నారు, చాలాకాలానికి కలిసిన బంధువుని గుర్తుపట్టినట్టు.

అంకుల్ నా వైపు తిరిగాడు. "యూ సే నో స్పిల్."

"నాట్ స్పిల్, అంకుల్. బాయిల్డ్ ఓవర్."

"సేమ్."

"నో, నో. ఆన్ పర్పస్."

"ఆన్ పర్పస్," అన్నాడు ఆయన.

"ఫర్ ది న్యూ హౌస్."

"వాట్ హౌస్?"

నేను వ్యాను చూపించాను. నేల లేదు, మంచం లేదు, వైర్లు బయటికి వేలాడుతున్నాయి. ఆయన దాన్ని కాసేపు చూసి, నన్ను కాసేపు చూసి, కొత్త ప్లగ్గు వెతకడానికి లోపలికి వెళ్ళాడు. మా ఆవిడ అప్పటికే గోడకి ఆనుకుని నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "పొంగడం ఒలకడం ఒకటేంటే? ఆయనకి చెప్పు," అన్నారు. ఆ తేడా ఇక్కడి కలగలుపు ఇంగ్లీషు సింగ్లిష్‌లో చెప్పగలిగిన వాళ్ళు మాలో ఎవరూ లేరు.

మధ్యాహ్నం తనిఖీలో నేను బ్రేకు తొక్కాను. వెనకనుంచి అధికారి బొటనవేలు ఎత్తాడు. మళ్ళీ తొక్కమన్నాడు, తొక్కాను. స్టాంపు వేసిన కాగితం చేతికిచ్చాడు. దాన్ని నాలుగుసార్లు చదివాను. మా ఆవిడ కూడా చదివి, "సరే, బతికిపోయింది," అంది. ఆ మాటలో కొంచెం సంతోషం కూడా ఉంది. నేను పోల్చుకోగలను.

బట్టల దుకాణం కంటే ముందు ఆకలి తీర్చుకోవాలని జురాంగ్ ఈస్ట్‌లో ఒక హాకర్ సెంటర్ పక్కన ఆపాను. భోజనం కట్టించుకొస్తానని మా ఆవిడ దిగి వెళ్ళింది. బండిలో నేనూ అత్తగారూ మిగిలాం. మధ్య సీటు ఖాళీ. మాట్లాడే దారి మూసుకుపోయింది కాబట్టి ఇద్దరం ఎదురుగా ఉన్న చెత్తబుట్ట వైపు చూస్తూ కూర్చున్నాం. నాకు మనసు తేలిగ్గా ఉంది. నేల పలకలు ఎత్తారు కాబట్టి ఎలాగూ కింద తుప్పు గీకి రంగు వేయాలి, అది ఆరడానికి ఒక వారం, ఆ తరవాత పొయ్యి గూటికి వెనక ఒక రేకు పెట్టాలి అనుకుంటున్నాను. పైకే అనుకున్నట్టున్నాను. వేళ్ళ మీద కూడా లెక్క పెట్టుకుంటున్నాను.

"ఆ పరుపుల మీద నేను మూడు నిద్రలూ చేశాను," అన్నారు ఆవిడ.

ఎవరితో అన్నారా అని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆవిడ నా వైపే తిరిగి ఉన్నారు.

"రెండేళ్ళైంది. మీరొక్కటీ చెయ్యలేదు. కప్పన్నారు, పంపన్నారు, ఇప్పుడు రంగంటున్నారు. మీకసలు ఇందులో పడుకోవడం ఇష్టం లేదండీ, అల్లుడుగారూ."