హోటలు వెనక వైపు

పోయిన నెలలో మా అబ్బాయి, కోడలు, మనవరాలు కలిసి నన్ను సముద్రం ఒడ్డున నాలుగు రోజులు ఉండి వద్దామని తీసుకెళ్ళారు. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కడ భోంచేయాలన్న ప్రశ్న వచ్చేసరికి ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒక హోటలుకు నాలుగున్నర స్టార్లున్నాయని ఒకరంటే, అక్కడ రొయ్యలు సరిగా ఉడకలేదని ఎవరో రాశారని ఇంకొకరు, రాసినవాడికి అసలు తిండి సంగతి తెలుసో లేదోనని మూడోవారు, ఇలా ముప్పావు గంట గడిచింది. నాకు ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. ఇక ఉండబట్టలేక, ఇదంతా ఎందుకర్రా, ఏదో ఒక హోటలు వెనక్కి వెళ్ళి చెత్తకుప్ప చూసి రండి, అదే చెబుతుంది అన్నాను. మనవరాలు ముక్కు మూసుకుని నవ్వింది, కోడలు నా వంక జాలిగా చూసింది. నేను హాస్యానికి అన్నది కాదు. మా నాన్న హోటళ్ళను అలాగే ఎంచేవాడు, ఆ విద్య నాకు పన్నెండో ఏట కళింగపట్నంలో నేర్పాడు.

నాన్న సాలూరులో ఒక లారీ బుకింగు ఆఫీసులో గుమాస్తా. సాలూరులో లారీల సంగతి నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లారి లేస్తే ఇంజన్ల మోత, డీజిలు వాసన, కొండల మీది నుంచి దిగిన అడ్డాకుల కట్టలు రోడ్డు పక్కన నిలువెత్తు పేర్చి ఉండేవి. వాటిని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేసి లారీలకెత్తి ఊళ్ళకు పంపేవారు. నాన్న ఆ లోడ్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి డ్రైవరునీ అడిగే మొదటి ప్రశ్న, దారిలో ఎక్కడ తిన్నావు, ఏం తిన్నావు అని. తను ఊరు దాటి వెళ్ళింది తక్కువే కానీ, ఏ ఊళ్ళో ఏ హోటలు చారు ఎలా ఉంటుందో, ఏ మలుపు దగ్గర మాంసం కూరలో కారం ఎక్కువో, విన్న మాటలతోనే ఆయనకు కంఠతా వచ్చు. తినకుండానే ఇన్ని రుచులు తెలిసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇది అరవైల చివరి మాట. ఆ ఏడు వానాకాలంలో అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గి పథ్యం కూడా తిన్నాక, నెల దాటినా తిండి ఒంటబట్టలేదు. గాజులు మోచేతి దాకా జారేవి, జాకెట్లకు పిన్నీసులు పెట్టుకునేది. మా డాక్టరు నాన్నను పక్కకు పిలిచి, దసరా సెలవుల్లో ఒక వారం సముద్రపు గాలికి తీసుకెళ్ళమని, పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వొద్దని, అప్పటికీ తిండి తినకపోతే పట్నం ఆసుపత్రిలో చేర్చక తప్పదని చెప్పాడు. పట్నం ఆసుపత్రి అన్న మాట వింటేనే ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవారు. ఆ రాత్రి అమ్మ నా జడ అల్లుతూ, నీ జడ నువ్వే అల్లుకోవడం నేర్చుకోవాలని చెప్పింది. నాకు ఎందుకో భయం వేసింది.

తమ్ముణ్ణి నాయనమ్మ దగ్గర ఉంచి, నాన్న, అమ్మ, నేను బస్సులు మారి మారి కళింగపట్నం చేరాం. ఆఫీసుకు తెలిసిన వ్యాపారి ఒకాయన లైటుహౌసుకు కాస్త దూరంలో ఖాళీగా ఉన్న తన రెండు గదుల ఇల్లు ఇచ్చాడు. వెనక సరుగుడు చెట్లు, ముందు ఇసుక, రోజంతా అలల హోరు. పొయ్యి వెలిగించకూడదు కాబట్టి వారం రోజులూ హోటలు భోజనమే. అమ్మ నోటికి హితవుగా ఉండే హోటలు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని, దాన్ని పట్టుకుంటే చాలునని నాన్న నమ్మకం. నన్ను వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే బయలుదేరాడు.

హోటలు ముందు నిలబడి లోపలికి చూస్తాడేమో అనుకున్నాను. నాన్న తిన్నగా వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఎంగిలి విస్తళ్ళ కుప్ప. ముందు వైపు అబద్ధాలు చెబుతుంది అమ్మీ, వెనక వైపు చెప్పదు అన్నాడు. తర్వాత ఒక కర్రపుల్లతో ఆకులు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. మజ్జిగన్నం కొంచెం మిగిలితే ఫర్వాలేదు, అది కడుపు నిండిన మిగులు. పప్పన్నం మిగిలితే మాత్రం మొదటి ముద్దకే మనసు విరిగిందన్నమాట. ములక్కాడ పీచు మాత్రమే ఉంటే వంటవాడి చెయ్యి మంచిది, ముక్కలు అలాగే ఉంటే కాదు. కూర అంచుకు తోసేసి ఉంటే ఉప్పెక్కువో, మాడిందో. అన్నీ చూసి, ఆకు వెనక్కి తిప్పి కుట్టు చూసి, ఇది మన సాలూరు ఆకే అని సంతోషపడేవాడు. ఆ ఊళ్ళో ఉన్న కాఫీ హోటలులో ఇడ్లీ బాగుందని, అన్నం బాగోలేదని ఆకులే చెప్పాయి.

రెండో రోజు శ్రీకాకుళం వెళ్ళాం. మూడు హోటళ్ళ వెనక వైపులు చూశాక, ఒక భోజన హోటలు ఆకులు తుడిచినట్టున్నాయి. అక్కడ క్యారేజీ కట్టించుకుని గంట సేపు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. మర్నాడు కూడా అదే. నాలుగో రోజు, డ్రైవర్లందరూ లొట్టలేసుకుంటూ చెప్పే రోడ్డు పక్క హోటలు ఒకటి ఎచ్చెర్ల దాటాక ఉందని, నాన్న ఒక్కడే వెళ్ళి మాంసం కూర తెచ్చాడు. ఇప్పటి వాళ్ళు నవ్వుతారు గానీ, అప్పట్లో మా ఇళ్ళ ఆడవాళ్ళు హోటలులో కూర్చుని తినడమనేది లేదు, తెచ్చిపెడితే ఇంట్లో తినాలి అంతే. నాకు మాత్రం చిన్నపిల్లనని మినహాయింపు. నేను ఆ నాలుగు రోజుల్లో తిన్నన్ని రకాలు నా పెళ్ళిలో కూడా తినలేదు.

ఇంట్లో భోజనం ఎప్పటి పద్ధతిలోనే జరిగేది. సాలూరు నుంచి తెచ్చుకున్న విస్తళ్ళలో అమ్మ నాన్నకూ నాకూ వడ్డించేది. మేం లేచాక, నాన్న తిన్న ఆకులోనే తనకు పెట్టుకుని కూర్చునేది. మా వైపు చాలా ఇళ్ళలో అదే ఆచారం, జబ్బులో జావ గ్లాసుతో తాగిందే తప్ప, లేచి తిరగ్గానే అమ్మ మళ్ళీ ఆ ఆకు దగ్గరికే వచ్చింది. నాన్న చెయ్యి కడుక్కుని ఇసుకలో చుట్ట వెలిగించుకుని, కాసేపాగి గుమ్మంలోంచి ఎలా ఉందని అడిగేవాడు. బాగుంది, కడుపు నిండిపోయింది అని లోపలి నుంచి జవాబు. అయినా ఆవిడ చెయ్యి పట్టుకుంటే పుల్ల పట్టుకున్నట్టే ఉండేది. ఇన్ని బాగున్నవి తిని మనిషి ఎందుకిలా ఉందో నాన్నకు అంతుపట్టలేదు. రేపు నరసన్నపేట చూద్దాం అనేవాడు.

ఐదో రోజు పొద్దున నేను సరుగుడు చెట్ల వైపు వెళ్ళాను. కొత్తగా నేర్చిన విద్య కదా, కనబడిన ప్రతి ఆకునూ పుల్లతో విప్పే పిచ్చి పట్టింది నాకు. అక్కడ ముందురోజు మేం తిన్న ఆకులు మడిచి పడేసి ఉన్నాయి. నాన్న ఆకు నేను ఎక్కడైనా గుర్తుపడతాను, కరివేపాకు, మిరపకాయ తొడిమలు ఎడమ అంచున వరసగా పేర్చడం ఆయన అలవాటు. ఆ వరస అలాగే ఉంది. దాని పక్కన, ఆకు నిండా అన్నం, మాంసం ముక్కలు, వేళ్ళతో కలిపి వదిలేసిన గుర్తులు. నాన్న తన ఆకు ఊడ్చుకు తిన్నది నేను పక్కనే కూర్చుని చూశాను. కాబట్టి అది అమ్మ అన్నం. కింద ఇంకా మూడు రోజుల ఆకులున్నాయి, అన్నీ అంతే.

పరుగున వెళ్ళి నాన్నను తీసుకొచ్చాను. ఆయన గొంతుక్కూర్చుని ఆకులన్నీ విప్పి చూశాడు. అంత సేపు ఏ హోటలు వెనకా కూర్చోలేదు. ఆ పుల్ల అక్కడే పడేసి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. నాకు నేనేదో తప్పు చేశాననిపించింది. అమ్మ ఆకు మేమెప్పుడూ చూడలేదేమిటా అని ఆలోచిస్తే, చూడటానికి అమ్మకు ఆకంటూ ఒకటి లేదని అప్పుడే తోచింది.

ఆ మధ్యాహ్నం నాన్న క్యారేజీ తీసుకోలేదు. మమ్మల్నిద్దర్నీ నడవమన్నాడు. పడవలు లాగే చోటుకు పైన ఒక తాటాకు పాక ఉండేది, వేట నుంచి వచ్చినవాళ్ళు అన్నం తినే చోటు. నడివయసు దాటిన బెస్తామె ఒక్కతే వండి వడ్డించేది. నాన్న అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి చూశాడు, ఆకుల్లో ముళ్ళు తప్ప ఏమీ లేవు, కాకులు కూడా ఆ పక్కకు రావడం మానేశాయి. అమ్మ గుమ్మంలో ఆగిపోయి, ఎవరైనా చూస్తారని గొణిగింది. ఎవరు చూస్తారు, మనల్నెరిగినవాళ్ళు డెబ్భై మైళ్ళ దూరంలో ఉన్నారని నాన్న లోపలికి తీసుకెళ్ళాడు.

బెస్తామె నాన్నకూ నాకూ ఆకులు వేసింది. అమ్మ ఎప్పటిలా పక్కన గోడకానుకుని కూర్చుంది. మూడో ఆకు వేయబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన తిన్నాక ఆ ఆకులోనే తింతాను."

ఆమె గరిటతో నాన్న పక్క చోటు చూపించింది.

"నా పాకలో ఎవులాకు ఆళ్ళదే. ఒకలెంగిల్లో ఇంకొకలికి నాను ఒడ్డించను. ఇలా వొచ్చి కూకో."

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న జరిగి చోటిచ్చాడు. ఆకు పడింది, నీళ్ళు చిలకరించింది, పొగలు కక్కే అన్నం, వంకాయలో నెత్తళ్ళనే చిన్న చేపలు వేసి వండిన కూర, ఆ తర్వాత పలచటి చారు. ముందు అమ్మకే వడ్డించింది, ఎందుకంటే చిక్కిపోయి ఉన్నది అమ్మే. అమ్మ మొదటి ముద్ద కలిపి వేడికి వేళ్ళు వెనక్కి తీసుకుంది.

"నిమ్మళంగా తిను. సముద్రం ఎక్కడికీ పోదు."

నేను తినడం మానేసి అమ్మనే చూస్తున్నాను. నాన్న చూడనట్టు చూస్తున్నాడు. కూరన్నం అయిపోయింది, చారన్నం సగమయింది. అప్పుడు అమ్మ తలెత్తకుండానే, ఇంకొంచెం అన్నం ఎయ్యమ్మా అంది. నా పన్నెండేళ్ళలో అమ్మ ఎవర్నైనా అన్నం అడగడం నేను వినలేదు, ఆ రోజుదాకా ఆవిడకు పెట్టేవాళ్ళు ఎవరున్నారు గనుక. నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

తినడం అయ్యాక అమ్మ నాన్న ఆకు తీయబోయింది. "ఉంచు, నాను తీస్తాను" అని నాన్న తన ఆకు, నా ఆకు, వాటిమీద అమ్మ ఆకు పెట్టి లేచాడు. మగవాడు పెళ్ళాం ఆకు ఎత్తడం నేను చూసింది అదే మొదలు. పాక వెనక కుప్ప దగ్గర నిలబడి అమ్మ ఆకు రెండు చేతులా పట్టుకుని చూశాడు, అందులో నాలుగు చేప తోకలు, వంకాయ తొడిమ. ఇటు తిరిగేటప్పటికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. దారిలో అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "పెళ్ళయిన కాడ్నించి ఏడేడి అన్నం తినడం ఇదేనే" అని మెల్లగా అంది.

మిగిలిన రోజులు ఆ పాకకే వెళ్ళాం. నరసన్నపేట చూడనేలేదు. ఒక్క పూట భోజనంతో జబ్బు కుదిరిందని నేను అనను. సముద్రం గాలి మహిమ అని నాయనమ్మ, మందు పనిచేసిందని డాక్టరు చెప్పుకున్నారు. ఏమైతేనేం, పట్నం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ అసలు సంగతి చాలా ఏళ్ళకు, నాకు పిల్లలు పుట్టాక చెప్పింది. జ్వరం తగ్గాక ఎంగిలి పులుసు వాసనకు కడుపులో తిప్పేదట, మొగుడి ఆకును అసహ్యించుకున్నానని పైకి ఎలా చెప్పనూ అని ఊరుకుందట. అలాగే ఊరుకుంటే పట్నం ఆసుపత్రి దాకా వెళ్ళాల్సి వచ్చేది.

సాలూరు తిరిగొచ్చిన రోజు నాయనమ్మ ఎదుట నాన్న భోజనం చేసి, తన ఆకు తనే మడిచి, పెరట్లోకి తీసుకెళ్ళి పారేశాడు. అదేటిరా, నీ ఆకు నువ్వు తీస్తన్నావేటి అని నాయనమ్మ నోరు తెరిచింది. "సిరిగిపోనాదమ్మా, కారతన్నాది" అన్నాడు నాన్న. మర్నాడూ చిరిగింది, ఆ మర్నాడూ చిరిగింది. ఊళ్ళకు విస్తళ్ళు పంపే మనిషి ఇంట్లో, నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఒక్కపూటైనా చిరగని ఆకు రాలేదు. ఈ కాలం ఆకులు ఆకులు కావని ఆవిడ కుట్టేవాళ్ళను తిట్టుకునేది, అమ్మ తలొంచుకుని కొత్త ఆకు వేసుకునేది. పొద్దున్నే వేపపుల్ల నములుతూ నాన్న పెరటి చివరికి వెళ్ళి ఒక నిమిషం నిలబడి వచ్చేవాడు. ఎందుకో నాయనమ్మకు తెలియదు, నాకు తెలుసు.

ఇప్పుడు ఆ పాక ఉన్న చోటు ఎక్కడో కూడా నేను చెప్పలేను. హోటళ్ళ వెనక వైపు గోడలు కట్టేశారు, ముందు వైపు మాత్రం ఫోన్లో ఇరవై కోణాల్లో కనబడుతుంది. ఆ రోజు మావాళ్ళు ఎంచిన నాలుగున్నర స్టార్ల చోట చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, నాకూ అందరితోపాటే, అందరికంటే ముందే వడ్డించారు. అమ్మ చూసి ఉంటే మురిసిపోయేది. కానీ అంత ఆకలేసినా నేను సగమే తినగలిగాను, ఈ మధ్య అన్నం సయించడం లేదు. మావాళ్ళు తల వంచుకుని ఆ హోటలుకు ఎన్ని స్టార్లివ్వాలా అని చూసుకుంటుంటే, కుర్రాడొకడు వచ్చి అయిపోయిందా మేడమ్ అని నా పళ్ళెం తీసుకెళ్ళిపోయాడు. నాన్న ఉంటే లేచి, వాడి వెనకే వెళ్ళి చూసి వచ్చేవాడు.