నీళ్ళు తాగని తొండ

బెంగుళూరులో కొత్త ఇంటి ఓనరు ఒప్పుకోలేదని మా తమ్ముడు తాను పెంచుకుంటున్న గడ్డం తొండను గాజుపెట్టెతో సహా తెచ్చి వేంపల్లెలో మా ఇంట్లో దించిపోయాడు. మూరెడు పొడవు, ఒళ్ళంతా ముళ్ళు, గొంతు కింద సంచిలాంటి గడ్డం. ఆస్ట్రేలియా ఎడారి జాతి అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాడో నేను వినలేదు. ఎడారి అన్న మాట ఒక్కటి చాలు, మిగతాది నేనే అల్లుకోగలను.

అడిగినవాళ్ళందరికీ ఒకటే కథ చెప్పాను. ఇది ఏడాదికి ఒక్క మంచుబొట్టు నాకి బతుకుతుంది, వాన పడితే సిగ్గుపడి బొరియలో దాక్కుంటుంది అని. మా వీధికి కథ తెగ నచ్చింది. ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తి పెద్దయినవాళ్ళం, నీళ్ళు అడగని ప్రాణి అంటే మాకు మహా గౌరవం. "మన సీమ బిడ్డనే ఇది," అని పక్కింటి అవ్వ దాని వీపు నిమిరింది. చూడవచ్చినవాళ్ళు మిడతలు పట్టుకొచ్చేవారు. మా ఆయన దాని నీళ్ళగిన్నె కడిగి అందులో తాళంచెవులు వేసుకున్నాడు. చెప్పగా చెప్పగా నా కథను నేనే నమ్మేశాను.

కొన్ని నెలలకు ఒక పొద్దున, వాకిట్లో ఎండకు కాగిన నాపబండ ఎక్కబోయి అది ముందుకాలు గాలిలోనే ఆపేసింది. గడ్డం బొగ్గులా నల్లబడింది. వేళ్ళ కణుపులు పెసరగింజల్లా ఉబ్బాయి. తొండకు నొప్పి పుడితే మనకెట్లా తెలుస్తుంది? మూలగదు, ఏడవదు. వారం రోజులు దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకునేది, తెరిచేది, అంతే.

అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఉడుము నూనె రాస్తే పోతాయని ఆమె గట్టి నమ్మకం.

"అమ్మీ, ఇదీ ఉడుము జాతే కదా. సచ్చిపోతే నాకు చెప్పు, నూనె తీసుకుంటా."

"బతికుండంగానే బేరమా అవ్వా!"

అవ్వ నవ్వుతుండగానే తొండ బండ దిగడం మొదలుపెట్టింది. ఒళ్ళు పక్కకు తిప్పి, ఒక కాలు కిందపెట్టి, ఆగి, రెండోది లాక్కుంది. అవ్వ నవ్వు ఆగిపోయింది.

"నేను మెట్లు దిగినట్టే దిగుతాంది సూడు. దీనికి కీళ్ళనొప్పులు అమ్మీ."

పశువుల డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బర్రెకైతే చెప్తానక్కా, ఇది నాకు కొత్త," అని బెంగుళూరులో ఇట్లాంటి ప్రాణులకు వైద్యం చేసే స్నేహితుడికి వీడియో కాల్ చేశాడు. ఆయన మొదటి ప్రశ్న: "రోజూ నీళ్ళు తాగిస్తున్నారా?"

గిన్నెలో తాళంచెవులున్నాయని ఉన్నదున్నట్టు చెప్పాను. నేనట్లా చెప్పడం అరుదు.

రక్తపరీక్ష అయ్యాక చెప్పారు. నీళ్ళు తక్కువై, మిడతలు ఎక్కువై మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. యూరిక్ యాసిడ్ కీళ్ళలో సుద్దలా గడ్డకడుతోంది. పూర్తిగా నయం కాదు. నొప్పికి మందు, తినడానికి ఆకులు, రోజూ నీళ్ళు. గిన్నెలో పెడితే తాగకపోవచ్చు, ముక్కు మీద చుక్కలు వేస్తే నాకుతుంది. ఒక్క రోజు కూడా మానకూడదు.

నేనేమో ఆఫీసు శిక్షణకు వారం రోజులు రాయచోటికి పోవాలి. మా ఆయనకు అంతా వివరించాను.

"నీళ్ళే వద్దంటివి కదా మొన్న? ఇప్పుడు ముక్కు మీద చుక్కలేస్తే నాకుతాదా!" కడుపు పట్టుకుని నవ్వాడు. "శానా బాగా అల్లినావు మే."

ఒట్టు పెట్టాను, మందుసీసా చూపించాను. మళ్ళీ నవ్వాడు. నా అబద్ధాన్ని అన్ని నెలలు నమ్మిన మనిషి నిజాన్ని ఒక్క పూట నమ్మలేదు. చివరికి అవ్వ దగ్గరికి పోయాను. నేను సగం చెప్పేలోపే ఆమె సీసా అందుకుంది.

"నువ్వు పోయిరా. నొప్పి సంగతి నాకు చెప్పాల్నా?"

వారం తర్వాత పొద్దున బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా ఆయన బండ పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు, చేతిలో చుక్కలమందు గొట్టం. అవ్వ స్తంభానికి ఆనుకుని అజమాయిషీ చేస్తోంది.

"ఏమప్పా, కంట్లో పోస్తాండావు! ముక్కు మీద, ముక్కు మీద."

"ఉండవ్వా, నాలిక తీస్తాంది." నన్ను చూసి కూడా లేవలేదు. "మే, పన్నెండుసార్లు నాకింది. నిన్న తొమ్మిదే."

అవ్వ చేస్తుంటే వేడుక చూద్దామని వచ్చి మూడో రోజు తనే గొట్టం లాక్కున్నాడట.

కణుపుల వాపు అట్లాగే ఉంది. కొన్ని పొద్దుల్లో గడ్డం ఇంకా నల్లబడుతుంది, ఆ రోజు దాన్ని ఎవరమూ ముట్టుకోం. ఇవాళ మాత్రం ముందుకాలు గాలిలో ఆపి, కాసేపు ఆలోచించి, ఐదు వేళ్ళూ బండ మీద పరిచింది. నొప్పి తగ్గిందో, ఓర్చుకోవడం నేర్చుకుందో. ఇంకొంచెం దగ్గరగా చూద్దామని పీట ముందుకు జరుపుకున్నాను.