అడిగినదానికే చెప్పమ్మా

గరికపాడు దగ్గర లారీ గుద్దినప్పటి నుంచి మా పిన్ని కుడిచెయ్యి చచ్చుబడింది. ఆమె మిరపకాయలు కోసి బతికే మనిషి. నష్టపరిహారం కోసం లాయర్ని పెట్టుకోమంటే, ఎడమచేత్తో ఆ చేతిని ఎత్తి చూపించేది. "ఇది కనపడట్లా? మధ్యలో ఆయనెందుకు?"

లాయరు లేకుండానే నందిగామ కోర్టుకు వెళ్లింది. పిన్నే చూసుకోకుండా రోడ్డు దాటిందన్నాడు ఇన్సూరెన్సు వాళ్ల లాయరు. ఆమె మళ్లీ ఆ చేతినే ఎత్తి చూపించింది.

"తప్పు లారీదని రుజువు కావాలమ్మా. లాయర్ని పెట్టుకోండి," అన్నారు జడ్జిగారు.

పెట్టుకున్నాం. ఆయన సాక్షుల్ని తెచ్చాడు. పిన్ని ఆ రోజు సంగతి మొదలుపెట్టినప్పుడల్లా, "అడిగినదానికే చెప్పమ్మా," అని ఆపేశాడు. చివరికి గెలిచాం.

తిరిగొచ్చేటప్పుడు జగ్గయ్యపేట బస్సులో పిన్ని మొహం ముడుచుకుని కూర్చుంటే అడిగాను, "గెలిపించినా ఇంకా లాయరు మీద ఆ కోపమేంటి పిన్నీ?"

"ఆయన లేకపోతే రూపాయొచ్చేది కాదు, నిజమేరా. కానీ దెబ్బ తిన్నది నేను. ఒక్కసారన్నా నన్ను పూర్తిగా చెప్పనిచ్చారా?"