తూము మరిచిన ఆశీర్వాదం

ఆశీర్వాదం కుళాయి బిగించని దేశం లేదని రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్ముతాయి. నిజానికి ఆ ప్లంబరు వెళ్లింది మస్కట్టుకీ, అక్కణ్ణించి కంపెనీ పంపితే ఇంగ్లండుకీ. మిగతా దేశాలన్నీ ఆయన నోట్లోంచే పుట్టాయి.

"నార్వేలో చలికి పైపులో నీళ్లు చెరకుగడలా బిగుసుకుపోతాయండి. మగ్గు వంచితే గడ్డ పడుతుంది. ఓ పెద్దమనిషి దానికి అంటుకుపోయి, వేసవికి గానీ లేవలేదు. అప్పట్నించీ కడుక్కోవడం మాని కాగితంతో తుడుచుకోవడానికి దిగారు."

"మరి గ్రీసులోనో?" పక్కింటి పల్లంరాజు రెచ్చగొట్టేవాడు.

"అక్కడ పైపులు సన్నం. కాగితం లోపలేస్తే వీధంతా పొంగుద్ది. బుట్టలో వేసుకుంటారు. మనిషికి అలవాట్లు నేర్పేది పైపేనండి."

ఆ మాట ఆయన సొంత ఇంట్లోనే అక్కరకు రాలేదు.

ఆయన ఊళ్లో రెండడుగులు తవ్వితే నీటి ఊట. అందుకని దొడ్లో మరుగుదొడ్డి మెట్లెక్కి వెళ్లేంత ఎత్తున కడతారు. ముసురులో ఆ మెట్ల మీద ఆయన భార్య సంపూర్ణమ్మ జారిపడింది. ఇంకోసారి పడితే మంచమేనన్నాడు డాక్టరు. ఇల్లు ఎలాగూ ఎత్తు మీదే ఉంది కాబట్టి, ఆశీర్వాదం పడకగది పక్కనే కమోడ్ పెట్టి గది కట్టాడు. అచ్చం ఇంగ్లండులో తాను బిగించిన గదే: నున్నటి పలకలు, పట్టుకోవడానికి కమ్మీ. మనవాళ్ల కోసం ఓ జెట్ స్ప్రే.

సంపూర్ణమ్మ తొంగిచూసి, కర్ర పట్టుకుని మళ్లీ దొడ్లోకే నడిచింది. ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, జపాను రాణి కథ ఒకటి అల్లి చెప్పాడు. ఊహూఁ. మెట్లు ఎక్కాల్సి వస్తుందని ఆవిడ నీళ్లు తాగడమే తగ్గించేసింది. అది గమనించిన రోజు ఆయన ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

"దానిమీద కూర్చోవడానికి సిగ్గా, సంపూర్ణా?"

"ఈ వయసులో సిగ్గేంటండీ! కాళ్లెక్కడ కడుక్కోను?"

"ఏంటి?"

"వెళ్లొచ్చి కాళ్లు కడుక్కోకుండా పొయ్యి దగ్గరికి ఎలా వెళ్తాను? ప్రార్థనకి ఎలా కూర్చుంటాను? ఆ నేలమీద చెంబెడు నీళ్లు పోస్తే మన మంచం కిందికొస్తాయి. ఊరందరికీ నీళ్లు పారే వాటం చూసి పెట్టారు. మన గదికి తూమే పెట్టలేదు మీరు!"

ఆశీర్వాదం వెళ్లి ఆ గది మధ్యలో నిలబడ్డాడు. ఇంగ్లండులో ఆయన చూసిన ఇళ్లలో తూము లేదు. లేదు గనక నేల తడపరు. తడపరు గనక కాళ్లు కడగరు. నమూనా ఒక్కటే తెచ్చాననుకున్నాడు గానీ, ఆ మనుషుల అలవాటును కూడా సిమెంటులో కలిపి తెచ్చి, నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని అందులోకి పొమ్మంటున్నాడు.

మర్నాడు సుత్తి చప్పుడుకి పల్లంరాజు గోడ మీంచి చూశాడు. "బంగారంలాంటి గదండీ! ఎందుకు పగలగొడుతున్నారు?"

"మా ఆవిడ కాళ్లు కడుక్కుంటుందండి" అన్నాడాయన. అంతకుమించి కథేమీ చెప్పలేదు.

నేలకు వాటం ఇచ్చి, మూలన తూము తీసి, పొట్టి కుళాయి కింద బకెట్టు పెట్టాడు. సిమెంటు ఆరాక సంపూర్ణమ్మ లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. ఆయన తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. చాలాసేపటికి చెంబుతో నీళ్లు కుమ్మరించిన చప్పుడు, వెనకే తూములోకి గుడగుడమని జారిన చప్పుడు.

"అక్కడేంటండీ ఆ కాపలా? వీధిలోకి పొండి!"

ఆయన బుద్ధిగా వీధిలోకి పోయాడు.