టేకు చేప ముల్లు

ములకలపల్లి సంతలో ఎండుచేపల వాసన తగిలినప్పుడల్లా, రొయ్యపొట్టు, నెత్తళ్ల కుప్పల మధ్య నల్లని అట్టముక్కల్లా పడివుండే టేకు చేపను నా కళ్లు వెతుక్కుంటాయి. మా అడవి పల్లెలో దాన్ని ప్రాణంతో చూసినవాళ్లం అమ్మా నేనే మిగిలాం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, పనులు దొరకని ఒక ఎండాకాలం, నాయిన మమ్మల్ని తీసుకుని గోదావరి సముద్రంలో కలిసేచోటికి వలపనికి వెళ్లాడు. ఇసుకతిప్ప మీద తాటాకు గుడిసె, పెదాల మీద ఉప్పు, పొద్దున చేపలపులుసు, మధ్యాహ్నం మళ్లీ అదే పులుసు. నాయిన మునిగి, అడుగున మొద్దులకు చిక్కిన వలలు విడిపించేవాడు. నీళ్లు తేటగా ఉన్న రోజున నన్ను మెడ పట్టుకోమని తనతోపాటు ముంచేవాడు. అలా చూశాను టేకును: చాటంత ఒళ్లు, కళ్లు వీపు మీద, నోరు పొట్ట కింద. ఇసుక కప్పుకుని కళ్లు మాత్రం బయటపెట్టి పడుకునేది. మేం దగ్గరకెళితే ఒంటి అంచులు అలల్లా ఆడిస్తూ లేచి, కొరడాలాంటి తోకతో మెల్లగా వెళ్లిపోయేది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఎవరి జోలికీ రాదు. తొక్కితేనే తోక మీది ముల్లు దించుతుంది.

కాళ్లు ఈడ్చుకుంటూ నడిస్తే ఆ అలికిడికి అదే తప్పుకుంటుందని మాకు పనిచ్చిన సత్తయ్య చెప్పేవాడు. నాయినకు అది చేతకాలేదు. ముళ్లూ పాములూ ఉన్న అడవిలో అడుగు ఎత్తి వేయడమే ఆయనకు అలవాటు.

"ఏంటి బావా ఆ కొంగనడక? కాళ్లీడ్చవయ్యా!" అని సత్తయ్య నవ్వేవాడు.

"గట్లీడిస్తే మా అడివిల పాదం మిగలదు బావా," అని నాయినా నవ్వేవాడు.

ఒక పొద్దున మోకాటిలోతు నీళ్లలో నాయిన కేక వేశాడు. మడమ పక్కన ముల్లు దిగింది. సత్తయ్య పడవతో దూరంగా ఉన్నాడు. అమ్మ, మా దగ్గర పాము కరిస్తే చేసినట్టే, పిక్కకు తాడు బిగించింది. వేడి తగిలితే విషం పైకెక్కుతుందని మా నమ్మకం. పొయ్యి మీదేమో నీళ్లు మరుగుతున్నాయి.

"పొయ్యి ఆర్పు బిడ్డా, జల్దీ! సల్లనీళ్లు తే!" అని అమ్మ అరిచింది.

నేనే ఆర్పాను. రాత్రంతా చల్లనీళ్లు పోసిందీ నేనే. దవాఖానాకు చేరేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద కాలు తీసేశారు. నాలుగేళ్లు మంచంలోనే ఉండి నాయిన పోయాడు.

ఆ ఇసుకతిప్పను సముద్రం కోసేసిందట. మా ఊళ్లో మునిగి చేప పట్టేవాళ్లూ లేరు. యాభై దాటాక అక్షరాలు నేర్చిన నేను, మొన్న ఆశా కార్యకర్త ఇచ్చిన విషపుకాట్ల పుస్తకం అమ్మకు చదివి వినిపిస్తున్నాను. పాము, తేలు అయ్యాక టేకు చేప వచ్చింది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు ఉంచాలని, వేడికి ఆ విషం బలం తగ్గుతుందని, తాడు మాత్రం బిగించకూడదని ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను, పైకి వినపడకుండా.

"ఏం రాసిన్రే? ఆగినవేంది?" అంది అమ్మ. "నేను కట్టబట్టే గద నాలుగేండ్లన్న ఉన్నడు."

"అవ్ అమ్మా," అన్నాను. "గట్టిగ కట్టమనే రాసిన్రు."