కొట్టేసిన ఉత్తరం

స్వాతీ, ఏదో సినిమాలో ‘గాగా’ అన్నారు, ఏమిటని ఫోనులో అడిగావు కదమ్మా. ముసలితనంలో మతి చెదరడం. ఫ్రెంచివాళ్ల మాట. ఇంగ్లీషువాళ్లు తీసుకుని కబుర్లలో, కాస్త వెటకారంగా వాడుకుంటారు. నాకది ఆలస్యంగా తెలిసింది.

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్‌లో, గుడివాడ కాలేజీ నుంచి నన్ను మచిలీపట్నంలో ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కి వేశారు. ఇంగ్లీషుకి అసిస్టెంట్ ఎగ్జామినర్ని. పూటకి పదిహేను పేపర్లు. వాటి మీద పేర్లుండవు, కోడ్ నంబరే. మేం దిద్దాక స్క్రూటినైజర్ మార్కులు కూడి సంతకం పెడతాడు. ఆ తర్వాత కట్ట లోపలి గదికి వెళ్లిపోతుంది.

విహారయాత్రకు ఎందుకు రాలేకపోయావో నేస్తానికి ఉత్తరం రాయమన్నది ప్రశ్న. ఐదు మార్కులు. ఒక పేపర్లో నాలుగే వాక్యాలున్నాయి. నాయనమ్మ గాగా అయిపోయింది. తలుపు తీసి ఉంటే చేపల చెరువుల వైపు వెళ్లిపోతుంది. కాపలాకి నేను తప్ప ఎవరూ లేరు. ఏమీ అనుకోకు.

పేజీ నింపడానికి పిల్లలు సినిమా పాటలు రాయడం మాకు మామూలే. ‘గాగా’ చూసి ఇదీ ఏదో పాట ముక్కేననుకున్నాను. మిగతావి చదివానే గాని బుర్రకెక్కించుకోలేదు. అడ్డంగా గీత కొట్టి సున్నా చుట్టాను. మొత్తం ముప్ఫై రెండు వచ్చింది. పాసవడానికి ముప్ఫై అయిదు కావాలి.

భోజనాల దగ్గర నవ్వుతూ ఈ సంగతి పక్క కుర్చీ రహీమున్నీసా గారికి చెప్పాను. ఆవిడది బందరే.

“అయ్యో, అది మాటేనండీ,” అని అర్థం చెప్పింది. “మా ఫ్రెంచిపేటలో పుట్టుంటే మీకూ తెలిసేది లెండి!” అంటూనే నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

చెయ్యి కడుక్కుని చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లి, ఆ పేపరు మళ్లీ ఇమ్మన్నాను.

“స్క్రూటినీ సంతకం పడిపోయింది మేడమ్. కట్ట లోపలికెళ్లింది.”

“ఒక బిడ్డ ఫెయిలవుతుందండీ. తప్పు నాది.”

“ప్రతి పేపరుకీ ఇలా వెనక్కొస్తే క్యాంపు దసరాకి తేలుతుంది. కానివ్వండి, పూట పేపర్లు అలాగే ఉన్నాయి.”

వెళ్లి దిద్దాను.

తెలియని మాట కనిపిస్తే పెన్ను ఆపి అడగాలి. మిగిలిన రెండేళ్లూ అలాగే చేశాను. ఆ పేపరుకి మాత్రం అది పనికిరాలేదు.

ఫెయిలైనవాళ్లకి సప్లిమెంటరీ ఉంటుంది. మూడు గంటల పరీక్ష. ఆ మూడు గంటలూ ఆ ముసలావిడ దగ్గర ఎవరు కూర్చున్నారు? అసలు పరీక్షకి వెళ్లనిచ్చారా?